డబ్బా తెచ్చారా?

1998 జనవరి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీలో, అంటే అత్యవసర కేసులు చూసే గదిలో, నా మొదటి నైట్ డ్యూటీ. కాకతీయ మెడికల్ కాలేజీలో ఫైనలియర్ పాసై, హౌస్ సర్జన్‌గా చేరి మూడు వారాలైంది. కోటు జేబులో చిన్న నోట్‌బుక్కు, మెడలో నాన్న కొనిచ్చిన స్టెత్. రాత్రి పదకొండు దాటాక బయట ట్రాక్టర్ ఆగిన చప్పుడైంది. తొట్టిలో నులక మంచం, మంచం మీద పాతికేళ్ల మనిషి, మంచం పట్టుకుని పదిమంది. లోపలికి తీసుకొస్తుండగానే మనిషికన్నా ముందు వాసన వచ్చింది. కిరోసిన్‌లో వెల్లుల్లి దంచి కలిపినట్టుండే వాసన. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాసన తగిలితే నా చేయి దానంతటదే ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ ట్రే వైపు వెళుతుంది.

నేను నాడి చూడబోతుంటే వెనక నుంచి హెడ్ సిస్టర్ గొంతు వినిపించింది.

"డబ్బ తెచ్చిన్రా?"

తాగిన మందు డబ్బా ఎవరూ తేలేదు. "పత్తి మందు తాగిండమ్మా" అన్నారు, అంతే. ఆమె వాళ్లలో ఒక కుర్రాణ్ని అక్కడికక్కడే ఊరికి తిప్పి పంపింది. "పోయి డబ్బ పట్కరా. ఖాళీదైనా సరే, మూత లేకున్నా సరే." ప్రాణం పోతుంటే డబ్బా గొడవేమిటని నాకు లోపల కోపం వచ్చింది. ఆ ప్రశ్న విలువ తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. దానికి ఒక మనిషి ప్రాణం కూడా పోయింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆ ఏడు వరంగల్ జిల్లాలో పత్తి పోయింది. అదను తప్పిన వానలు, ఆపైన లద్దెపురుగు. ఒక మందుకు చావకపోతే ఇంకో మందు, దానికీ చావకపోతే రెండూ కలిపి కొట్టారు. పురుగు చావలేదు, అప్పు మిగిలింది. వాడగా మిగిలిన మందు ఇంట్లో బియ్యం డ్రమ్ము పక్కన మూలకు ఉండేది. అప్పులవాడు వాకిట్లోకి వచ్చి మాటన్నప్పుడు, భార్యాభర్తలు గొడవ పడ్డప్పుడు, పరీక్ష తప్పిన పిల్లవాణ్ని తండ్రి కోప్పడ్డప్పుడు చేతికందేది అదే. 1997 నుంచి 2002 వరకు ఒక్క ఎంజీఎంలో పురుగుమందు కేసులు 8,040 అని తర్వాత అచ్చయిన ఒక పరిశోధనలో చదివాను. వాళ్లలో 22.6 శాతం మంది చనిపోయారు. 2002 కేసుల్లో మూడింట రెండొంతుల మంది ముప్ఫై ఏళ్ల లోపువాళ్లు. ఆ లెక్క చదువుతున్నప్పుడు నాకు అంకెలు కనిపించలేదు. నులక మంచాలు కనిపించాయి.

మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందు ఒంట్లోకి వెళితే నరాలకూ కండరాలకూ మధ్య సందేశాన్ని ఆపాల్సిన ఎంజైమ్ పనిచేయదు. ఆగాల్సింది ఆగదు. నోట్లో నురగ, కళ్లలో నీళ్లు, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల నిండా నీళ్లు. పొడి నేల మీద పడుకోబెట్టిన మనిషి తన ఒంట్లోని నీళ్లలోనే మునిగిపోతాడు. దాన్ని ఆరబెట్టేది అట్రోపిన్. ఒక చిన్న గాజు సీసా, అంటే ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములే ఉంటుంది. ఒక్కో పేషెంటుకు వందల ఆంప్యూల్స్ పట్టేవి. వాటిని విరిచి, సిరంజిలోకి లాగి, ఇచ్చి, మళ్లీ విరిచేవాళ్లం. దూది పెట్టి విరిచినా గాజు వేళ్లలో దిగేది. ఆ చలికాలమంతా నా కుడి బొటనవేలికి కట్టు ఉంది. ఇంటికొస్తే అమ్మ ఆ బట్టలను లోపలికి రానిచ్చేది కాదు. పెరట్లో బకెట్‌లో వేయించి, "ఎప్పుడూ చావులేనానే, గైనిక్ తీసుకోరాదా" అనేది.

అట్రోపిన్ ఎంత ఇవ్వాలో ఎలా తెలుస్తుంది? కంటిపాప పెద్దదయ్యేదాకా అని చదువుకున్నాం. ఆ రాత్రి నేను టార్చి వేసి కళ్లే చూస్తున్నాను. హెడ్ సిస్టర్ టార్చి పక్కకు జరిపి, "కన్ను సూడకు డాక్టరమ్మా, ఛాతి ఇను" అంది. విన్నాను. లోపల అన్నం కుతకుత ఉడుకుతున్న చప్పుడు. "అది ఆరేదాకా ఇయ్యాలె. అయిదు నిమిషాలకోసారి ఇను. తగ్గకుంటే ఇచ్చినదానికి రెండింతలు ఇయ్యి." తర్వాత ఎన్నో ఏళ్లకు అంతర్జాతీయ పత్రికల్లో అచ్చు ఇదే పద్ధతి చదివాను: ఊపిరితిత్తులు వినండి, అయిదు నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేయండి, కంటిపాపను ఒక్కదాన్నే నమ్ముకోకండి. మా సిస్టర్ పేరు మీద ఏ పేపరూ లేదు. కానీ నాకు ఎమర్జెన్సీ వైద్యంలో మొదటి ప్రొఫెసర్ ఆవిడే.

ఆ మనిషి బతికాడు. తొమ్మిదో రోజు నడిచి వెళ్లాడు.

అప్పట్లో క్యాజువాలిటీ అంటే ఏ శాఖకూ చెందని గది. మెడిసిన్‌కు వార్డులున్నాయి, సర్జరీకి వార్డులున్నాయి, గేటు పక్కన గది మాత్రం అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. ఇది ఒక ఊరి సంగతి కాదు, దేశమంతా అంతే. ఆసుపత్రి మొత్తంలో అందరికన్నా ప్రమాదంలో ఉన్న పేషెంటుకు అందరికన్నా తక్కువ తెలిసిన డాక్టరు ఎదురయ్యేది. పెద్ద డాక్టర్లు మర్నాడు పొద్దున రౌండ్స్‌లో చూసేది రాత్రి దాటినవాళ్లనే. దాటనివాళ్లను చూసింది మాలాంటి ఇరవై మూడేళ్లవాళ్లం. ఈ తలకిందుల వ్యవహారం నాకు ఆ వయసులో తప్పని కూడా తోచలేదు. వాన పడితే తడుస్తాం అన్నంత మామూలుగా ఉండేది.

ఆ ఏడాది వానాకాలంలో వచ్చిన పిల్లవాడి గురించి చెప్పాలి. పన్నెండేళ్లుంటాయి, ములుగు వైపు నుంచి తెచ్చారు. రాత్రి చాప మీద పడుకున్నాడు, తెల్లారేసరికి కడుపులో నొప్పి, రెండు వాంతులు. అజీర్తి అనుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి కనురెప్పలు సగం వాలి ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. కట్లపాము అంతే. నాగుపాము కాటుకూ రక్తపింజర కాటుకూ వాపు, మంట ఉంటాయి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, చాలాసార్లు కరిచినట్టు కూడా తెలియదు. పాము విషానికి విరుగుడు, యాంటీ స్నేక్ వెనమ్ మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి మెడ నిలవలేదు, కాసేపటికి ఊపిరి ఆగింది. సీనియర్ పరుగున వచ్చి గొంతులోకి ట్యూబ్ వేశాడు. వెంటిలేటర్లు ఆ రోజుల్లో ఏ జిల్లాలోనైనా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఊపిరి అందించే రబ్బరు సంచి, అంబూ బ్యాగ్‌ను చేత్తో వత్తడమే.

వాళ్ల నాన్నకు నేర్పాను. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, వత్తు. ఛాతి లేచిందా చూడు. మళ్లీ ఒకటి." అరక దున్నిన చేతులు కదా, మొదట గట్టిగా వత్తాడు. గంటలో కుదిరింది. నాన్న అలసిపోతే మేనమామ, ఆయన అలసిపోతే నేను. రాత్రి పదింటికి టార్చి వేస్తే కంటిపాప కదల్లేదు. గిల్లితే ఉలుకు లేదు. నేను మంచం పక్కనే నిలబడి, వాళ్ల నాన్న టీకి వెళ్లాడని చూసుకుని, సిస్టర్‌తో మెల్లగా "ఇక లాభం లేదేమో సిస్టర్" అన్నాను.

"గుండె కొట్టుకుంటుంది కదా. వత్తు" అంది ఆమె.

మూడో రోజు పొద్దున కాలి బొటనవేలు కదిలింది. అయిదో రోజు ట్యూబ్ తీశారు. ఆరో రోజు నేను వార్డుకు వెళ్లి పక్కన కూర్చుంటే, ఆ పిల్లవాడు బొంగురు గొంతుతో అడిగాడు, "అక్కా, లాభం లేదన్నవ్ కదా ఆ రాత్రి?"

వాడు అన్నీ విన్నాడు. కట్లపాము విషం కండరాలను పడుకోబెడుతుంది, మనసును కాదు. కళ్లు తెరవలేడు, వేలు కదపలేడు, కంటిపాప కూడా కదలదు, కానీ లోపల మెలకువగా ఉంటాడు. చూసేవాళ్లకు బ్రెయిన్ డెత్ లాగే ఉంటుంది. ఇది పుస్తకంలో ఒక లైను. నాకు చెప్పింది మాత్రం ఆ పిల్లవాడు. నేను వాడి చేయి పట్టుకుని తప్పయిందన్నాను. వాడు "ఏం కాదులే" అన్నాడు, పెద్దవాడిలాగా. ఆ రోజు నుంచి స్పృహలో లేని ఏ పేషెంటు దగ్గరా నేను ఊరకే పని చేయలేదు. "ఇప్పుడు సూది గుచ్చుతున్నా", "మీ అమ్మ బయటే ఉంది", "ఊపిరి నేనే ఇస్తున్నా, నువ్వు భయపడకు", ఇలా చెబుతూనే ఉంటాను. కొత్తగా చేరిన నర్సులు మొదట వింతగా చూస్తారు. ఆ పిల్లవాడి కథ చెబితే మర్నాటి నుంచి వాళ్లూ మాట్లాడతారు.

ఇక డబ్బా సంగతి. హౌస్ సర్జన్సీ అయ్యాక ఒక చిన్న పట్టణంలో ప్రైవేటు నర్సింగ్ హోంలో రాత్రి డ్యూటీ డాక్టరుగా చేరాను. 2000 సంవత్సరం. ఒక అర్ధరాత్రి ఇరవై ఏళ్ల అమ్మాయిని తెచ్చారు. మందు తాగింది, ఫిట్స్ వస్తున్నాయి. ఏ మందో ఎవరికీ తెలియదు. నేను డబ్బా గురించి గట్టిగా అడగలేదు. పురుగుమందు అంటే నాకు తెలిసింది అట్రోపిన్. వందల మందికి ఇచ్చిన చేయి, ఆ ధీమాతో మొదలుపెట్టాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి: నోట్లో నురగ తక్కువ, చెమట లేదు, ఛాతి పొడిగా ఉంది, కంటిపాపలు చిన్నవి కావు. అట్రోపిన్ అవసరమని చెప్పే గుర్తు ఒక్కటి కూడా లేదు. సిస్టర్ నేర్పింది వినడం. ఆ రాత్రి నేను వినలేదు. ఫిట్స్ ఆపడానికి డయాజిపామ్ ఇచ్చాను గానీ, ఇవ్వాల్సినంత వేగంగా ఇవ్వలేదు. గుండె వేగం పెరిగింది, ఒళ్లు కాలిపోయింది. తెల్లవారుజామున పోయింది.

తొమ్మిదింటికి వాళ్ల అన్న డబ్బా పట్టుకుని వచ్చాడు. ఎండోసల్ఫాన్.

అది వేరే జాతి మందు. దానికి అట్రోపిన్ విరుగుడు కాదు, అసలు విరుగుడే లేదు. వెంటవెంటనే ఫిట్స్ ఆపాలి, ట్యూబ్ వేసి ఊపిరి అందించాలి. అవన్నీ సరిగ్గా చేసినా ఆమె బతికేదని నేను చెప్పలేను. ఆమెకు దక్కాల్సిన వైద్యం మాత్రం దక్కలేదు. అన్న ఆ డబ్బాను నా టేబుల్ మీద పెట్టి, "ఇది ఇప్పుడు అక్కరకొస్తదా మేడమ్?" అని అడిగాడు. ఏం జవాబు చెప్పానో నాకు గుర్తు లేదు. డబ్బా మీది లేబుల్ గుర్తుంది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు దేశమంతా ఆపేసిందని వార్త వచ్చిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. కాసేపు బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుని వచ్చాను.

నాకు తెలియనిది ఎక్కడ నేర్చుకోవాలి? పీజీకి ప్రయత్నిద్దామంటే మెడిసిన్ ఉంది, సర్జరీ ఉంది, అమ్మ చెప్పిన గైనిక్ ఉంది. క్యాజువాలిటీకి చదువు మన దేశంలో గుర్తింపు పొందిన పీజీగా అప్పటికి లేదు. అమెరికాలో 1979లోనే దాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించారు. ఇంగ్లండ్‌లో కూడా మొదట మన మాటే, క్యాజువాలిటీ. అక్కడి డాక్టర్లు 1967లో క్యాజువాలిటీ సర్జన్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు, 1972 నుంచి ఆ పనికి ప్రత్యేకంగా కన్సల్టెంట్లను, అంటే పెద్ద డాక్టర్లను, నియమించుకున్నారు. విదేశీ డాక్టర్లు అక్కడ పనిచేయడానికి రాసే ప్లాబ్ పరీక్ష రాసి నేను ఇంగ్లండ్ వెళ్లాను. ఎముకలు కొరికే చలి, అర్థం కాని యాస, ఒంటరితనం, వాటి గురించి రాయడానికి ఇక్కడ ఏమీ లేదు, వెళ్లిన అందరికీ తెలిసినవే.

అక్కడ మొదటి నెలలో ఒక రాత్రి చూసింది మాత్రం రాయాలి. రోడ్డు ప్రమాదం, పేషెంటు ఇంకా దారిలో ఉన్నాడని అంబులెన్స్ నుంచి ఫోను. రెండింటికి ఇంటి నుంచి కన్సల్టెంట్ వచ్చాడు, యాభై దాటినవాడు, తల చెరిగి ఉంది. ఏప్రాన్ కట్టుకుని పేషెంటు తల దగ్గర నిలబడ్డాడు. అనస్తీషియా, సర్జరీ, నర్సులు, ఎవరి చోటు వాళ్లకు ముందే చెప్పాడు. స్ట్రెచర్ లోపలికి వచ్చేసరికి గదిలో అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు అందరికన్నా ముందు నిలబడి ఉన్నాడు. నేను గోడ పక్కన నిలబడి చూస్తున్నాను, కళ్లలో నీళ్లు ఆగలేదు. ఇలా కూడా ఉండొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంకొకటి కూడా అక్కడే అర్థమైంది. శనివారం రాత్రుళ్లు ఆడపిల్లలు వచ్చేవారు, ఇంట్లో గొడవపడి పారాసిటమాల్ మింగినవాళ్లు. రక్తపరీక్ష చేసి, అవసరమైతే దానికి విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్ సెలైన్‌లో పెట్టి, మానసిక వైద్యుల టీంతో మాట్లాడించి పంపేవాళ్లం. దాదాపు అందరూ ఇంటికి వెళ్లేవారు. వరంగల్‌లోనూ అదే వయసు, అదే గొడవ, అదే ఒక్క క్షణం. ఆ క్షణంలో ఇంట్లో చేతికందిన వస్తువు వేరు. ఆ దేశం 1998లో పారాసిటమాల్‌ను ఒకేసారి ఎన్ని మాత్రలు అమ్మాలో చట్టం చేసి తగ్గించింది. అదే 1998లో మేము ఆంప్యూల్స్ విరుస్తున్నాం. మన కొట్లలో పురుగుమందు అమ్మేటప్పుడు ఎకరానికి ఎంత కలపాలో చెబుతారు. ఇంట్లో తాళం వేసిన పెట్టెలో పెట్టమని ఎంతమంది చెబుతారు? డాక్టర్లు బతికించినవాళ్లకన్నా ఆ తాళం బతికించేవాళ్లే ఎక్కువని నా గట్టి నమ్మకం.

2005 ఆగస్టులో అమ్మ ఫోన్ చేసింది. "108 అని నంబర్ పెట్టిన్రట, కొడితే బండి ఇంటికే వస్తదట, బండ్లోనే ఆక్సిజన్ ఉంటదట." ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సర్వీసు గురించి ఆమె నాకు మూడుసార్లు చెప్పింది. గైనిక్ మాట మళ్లీ ఎత్తలేదు. 2009లో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక శాఖగా గుర్తించింది. 2010లో హైదరాబాద్ వచ్చేశాను.

ఇక్కడ మొదట మార్చింది పేరు కాదు, బల్ల. గుమ్మం దగ్గర ట్రయాజ్ బల్ల, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చే బల్ల, వేయించి, దాని దగ్గర అనుభవం ఉన్న నర్సును నిలబెట్టాం. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. "మేం ముందొచ్చాం, వాళ్లను ముందెట్లా చూస్తారు?" అని రోజూ గొడవే. ఓపిగ్గా చెప్పేవాళ్లం. పోలీసు కేసు అంటే ముట్టుకోవడానికి భయపడే జూనియర్లకు 1989 నాటి సుప్రీంకోర్టు పరమానంద్ కటారా తీర్పు చెప్పేదాన్ని: ముందు ప్రాణం, తర్వాతే ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రాత. 2015 మే నెలలో వడదెబ్బ కేసులు వరసగా వచ్చాయి. ఆ వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా పోయారు. మేము తడి దుప్పట్లు, ఫ్యాన్లు, ఐసు ముక్కలతో ఒళ్లు చల్లబరుస్తూ ఒక్కో డిగ్రీ దించాం. తాపీమేస్త్రీలు, ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్లు, బస్టాపులో పడిపోయిన ముసలివాళ్లు. కరోనా గురించి ఇప్పుడు రాయలేను.

పురుగుమందు కేసులు తగ్గాయి గానీ ఆగలేదు. బతికినవాళ్లను ఊరకే పంపం. సైకియాట్రిస్ట్ మాట్లాడాకే డిశ్చార్జి. కాగితం మీద మానసిక సాయం అందించే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 నా చేత్తోనే రాసిస్తాను, అచ్చు వేసిన ముద్రకన్నా చేత్తో రాసింది దాచుకుంటారని.

పోయిన ఏడాది పత్తి తీతల కాలం. సిద్దిపేట వైపు నుంచి అంబులెన్స్ వచ్చింది. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, నోట్లో నురగ, ఆ వాసన. వెనక వాళ్లమ్మ, చెప్పులు కూడా లేవు. నేను నోరు తెరిచేలోపే ఆమె కొంగు ముడి విప్పింది.

"డబ్బ తెచ్చిన డాక్టరమ్మా. అంబులెన్స్ పిలగాడు మరువకుండ తెమ్మన్నడు."

మా రెసిడెంట్ డాక్టర్ చేతి తొడుగు వేసుకుని డబ్బా అందుకుంది, లేబుల్ మీది పేరు పైకి చదివింది. ఎర్ర గుర్తు, అంటే అన్నిటికన్నా ఘాటైన విషం. సిస్టర్ అప్పటికే ఆంప్యూల్స్ వరసగా పేరుస్తోంది. రెసిడెంట్ టార్చి తీసి కళ్లు చూడబోయి, నా వైపు చూసి, టార్చి జేబులో పెట్టి స్టెత్ పెట్టుకుంది. నేను తల దగ్గర నిలబడి, వాడి నుదుటి మీద చేయి వేసి, "మీ అమ్మ ఇక్కడే ఉంది, మేమంతా ఉన్నాం" అని చెప్పాను. గడియారంలో అయిదు నిమిషాలు.

"ఏం వినిపిస్తోంది?" అన్నాను.

"ఇంకా తడిగానే ఉంది మేడమ్."

"రెండింతలు చెయ్యి."